కాయల మీదికి ఎక్కని సైకిళ్ళు

మంగళగిరిలో నేను పనిచేసిన ఆఫీసుకు సరైన బోర్డు కూడా ఉండేది కాదు. కింద చీరల కొట్టు, పైన మేము. అమెరికాలో ఎవరికైనా కాలు విరిగినా, తల పగిలినా, అక్కడి డాక్టరు రాసిన కాగితాలు కంప్యూటర్లో మా దగ్గరకు వచ్చేవి. వాటిని చదివి జబ్బుకో నంబరు, దెబ్బకో నంబరు, ఆ దెబ్బ ఎలా తగిలిందో దానికి ఇంకో నంబరు వేయాలి. దాన్నే మెడికల్ కోడింగ్ అంటారు. మా ఊళ్ళో మాత్రం నేను కంప్యూటర్లో నర్సు పని చేస్తున్నానని చెప్పుకునేవాళ్ళు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి నర్సుగానే ఉండిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన రోజులవి. జువాలజీ డిగ్రీ పెట్టుకుని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలకు ఆ ఉద్యోగం రావడమే గొప్ప. మా పైన ఒక మేడమ్ ఉండేది. వారం తిరక్కుండానే నాకు ఒక సంగతి తలకెక్కించింది. "నువ్వు డాక్టరువి కావు, పోలీసువీ కావు. అక్కడ రాసింది చదువు. రాయనిది నీకు తెలిసినా సరే, తెలియనట్టే లెక్క" అనేది. పడ్డాడు అని రాసుంటే పడ్డాడనే కోడు వేయాలి. ఎవరు తోశారో, ఎందుకు పడ్డాడో ఊహించడానికి వీల్లేదు. ఊహించడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు కాబట్టి మొదటి నెలంతా తిట్లే తిన్నాను.

ఎలా తగిలిందో చెప్పే నంబర్ల పుస్తకం చూస్తే నాకు నవ్వొచ్చేది. నిచ్చెన మీద నుంచి పడితే ఒకటి, గుర్రం మీద నుంచి పడితే ఇంకొకటి, కుక్క కరిస్తే మరొకటి. సైకిలుకు కారు తగిలితే వేరే చోట వెతకాలి. సైకిలుకు సైకిలు తగిలినా, సైకిలుకు మనిషో పశువో అడ్డం వచ్చినా ఈ-ఎనిమిది వందల ఇరవై ఆరు. అక్కడి వేసవి సెలవుల్లో పిల్లలు సైకిళ్ళ మీద నుంచి తెగ పడేవాళ్ళు. అవన్నీ నా వాటాకే వచ్చేవి. ఆ డాక్టర్ల ఓపిక చూస్తే ఆశ్చర్యమేసేది. పిల్లాడు హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా, రోడ్డు మీద పడ్డాడా పక్కనున్న గడ్డిలోనా, ఈ కబురు చెప్పింది పిల్లాడా తల్లా దారినపోయేవాడా, అన్నీ రాసేవాళ్ళు. గీరుకుపోయిన మోకాలికి రెండు పేజీలు. మా ఊళ్ళో అయితే దానికి గుప్పెడు పసుపు, ఒక తిట్టు.

మా ఊరు చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్యన. ప్రమాదం అంటే మాకు తెలిసింది గ్రానైట్ లారీ ఒక్కటే. మార్టూరు వైపు నుంచి రాళ్ళేసుకుని వచ్చే లారీని దూరాన చూస్తే చాలు, అమ్మ మమ్మల్ని రోడ్డు దింపేసేది. సైకిలుకు సైకిలు తగలడం మాకు ప్రమాదం కాదు, నలుగురూ నవ్వుకునే సంగతి. తొంభైల చివర్లో మా అన్నయ్య సైకిలూ, రెండిళ్ళ అవతల ఉండే బాబాయి సైకిలూ గుద్దుకున్నప్పుడు కూడా మొదట అందరం నవ్వాం.

ఆయన మాకు వరసకే బాబాయి. మా నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ కౌలుకు తీసుకుని మిరప వేసేది. అన్నయ్య పత్తి జిన్నింగు మిల్లులో పనికి పోయేవాడు, నేను ఇంటర్ చదువుతున్నాను. సొంత పొలం లేనివాళ్ళకు కల్లం మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని కోసిన కాయలు తెచ్చి ఊరి తారు రోడ్డు మీద, సగం వెడల్పున ఎండబోసేవాళ్ళం. మాఘమాసం వచ్చిందంటే ఆ రోడ్డు ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు. బస్సొస్తే ఆ నల్ల పక్క నుంచే పోవాలి, సైకిలొచ్చినా అంతే. కాయల మీదికి చక్రం పోనివ్వడం మా వైపు ఎవరూ చేయరు. తొక్కితే కాయ పగిలి గింజ రాలిపోతుంది, గుంటూరు మిర్చి యార్డులో ఎవడూ కన్నెత్తి చూడడు. అదొక్కటే కాదు, ఎవరి కాయలైనా సరే వాటిని తొక్కడానికి కాలు రాదు. తాగి తూలేవాడు కూడా కాయల దగ్గరకొచ్చేసరికి సర్దుకుని నడిచేవాడు.

ఆ మధ్యాహ్నం అన్నయ్య మిల్లు నుంచి వస్తున్నాడు, బాబాయి మిరప బస్తా కట్టుకుని ఎదురొస్తున్నాడు. మలుపు దగ్గర ఒకరినొకరు చూసుకునేసరికే దగ్గరపడ్డారు. ఒక పక్క బోదె కాలవ, ఒక పక్క కాయలు. ఇద్దరిలో ఏ ఒక్కరు కాయల మీదికి తిప్పినా ఏమీ జరిగేది కాదు. ఇద్దరూ తిప్పలేదు. నేను మూతికి గుడ్డ కట్టుకుని ఆ చివర కాయలు తిరగేస్తున్నాను. రెండు సైకిళ్ళూ కౌగిలించుకున్నట్టు పడిపోవడం కనిపించింది. ఒక్క కాయ కూడా నలగలేదు. ఆ కాయలు మావే.

అన్నయ్య మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారింది. అందరి కళ్ళూ దాని మీదే. అమ్మ పరిగెత్తుకొచ్చి, పసుపద్ది, బాబాయిని ఏకి పెట్టింది. బస్తా వేసుకున్నవాడు దిగి నడవాలని కూడా తెలియదా అంది. బాబాయి తల వంచుకుని బస్తా ఎత్తుకున్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు అన్నయ్యను ఆటపట్టించారు. "ఒరేయ్, లారీ కింద పడ్డావంటే పరువుండేది గదరా" అన్నాడు ఒకడు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుతో చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నట్టు నాకిప్పుడు అనిపిస్తుంది. నిజంగా పెట్టుకున్నాడో, తర్వాత తెలిసిన దాన్ని బట్టి నేనే పెట్టిస్తున్నానో చెప్పలేను. ఊహించకూడదని మేడమ్ ఊరికే అనలేదు.

రాత్రి అన్నం వద్దన్నాడు. పొద్దునకి కడుపులో మంటగా ఉందన్నాడు. మిరప రోజుల్లో కడుపులో మంట అని మా ఇళ్ళల్లో ఎవరైనా అంటే అది వార్తే కాదు. చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, ఎంత కడుక్కున్నా ఆ చేత్తోనే అన్నం తింటాం కాబట్టి కడుపూ మండుతుంది. వేడి చేసిందని అందరికీ తెలుసు, మందూ తెలుసు. అమ్మ మజ్జిగ చిలికి ఉప్పేసి ఇచ్చింది. సబ్జా గింజలు నానేసింది. అన్నయ్య తాగి పడుకున్నాడు. వాడు కూడా వేడే అనుకున్నాడు.

అప్పుడే బాబాయి మా గుమ్మంలోకి వచ్చాడు. నేను వసారాలో కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను, ప్రతి మాటా విన్నాను.

"వదినా, వాడి పొట్టలో నా సైకిలు హ్యాండిలు గుచ్చుకుంది. గ్రిప్పు ఊడిపోయి ఉత్త గొట్టమే గదా అది. నేను కళ్ళారా చూశా. ఒకసారి పేటకి తీసకపోయి చూపిద్దాం. ఆటో నేను మాట్లాడతా" అన్నాడు.

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ఒకరి వల్ల ఒకరికి దెబ్బ తగిలితే, పెద్దమనుషులు కూర్చుని తేల్చేదాకా ఆ రెండిళ్ళకూ మాటలుండవు. ముందే వచ్చి మెత్తగా మాట్లాడేవాడు తప్పు తన మీద లేకుండా చూసుకోవడానికి వచ్చాడనే అనుకుంటారు. అమ్మ కూడా అదే అనుకుంది.

"గుద్దింది చాలక వైద్యం కూడా చెప్పొచ్చావా? ఏదన్నా ఉంటే పెద్దమనుషుల్లో మాట్లాడు. ముందు గుమ్మం దిగు" అంది.

"అది కాదొదినా..."

"దిగమన్నానా."

ఆయన దిగి వెళ్ళిపోయాడు. అమ్మ నా వైపు చూసి, "చూశావా, ఎంత తెలివో" అంది. నాకు కూడా తెలివే అనిపించింది. నాకప్పుడు పదహారేళ్ళు. అమ్మ మాట కాదని ఆలోచించే వయసు కాదు, కాబట్టి ఇప్పుడు కూర్చుని గుండెలు బాదుకోను. కానీ ఆ గుమ్మం, ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుండిపోయాయి. వాటి అర్థం మాత్రం అప్పట్లో తెలియలేదు.

మర్నాటికి అన్నయ్య పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. పేటలో డాక్టరు చెయ్యి వేసి చూసి గుంటూరు తీసుకెళ్ళమన్నాడు. పెద్దాసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే అమ్మ "సైకిలు మీంచి పడ్డాడయ్యా" అంది. వాళ్ళు అదే రాసుకున్నారు. ఆపరేషను చేశారు. పేగు చిరిగి లోపలంతా చెడిపోయిందన్నారు. అన్నయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు. వాడికి ఇరవై ఏళ్ళు.

పెద్దమనుషులు కూర్చోనే లేదు. కూర్చోకుండానే ఊరు తేల్చేసింది, బాబాయి గుద్దినందుకే పోయాడని. ఎవరూ ఆయన్ని కొట్టలేదు, కేసూ పెట్టలేదు. పలకరించడం తగ్గించారు, అంతే. ఆ తర్వాత ఆయన సైకిలెక్కడం మానేశాడు. అమ్మేసినా బాగుండేది. గడ్డిమోపో బస్తానో క్యారేజీ మీద కట్టుకుని, పక్కన నడుస్తూ, పొలానికీ ఇంటికీ నెట్టుకుపోయేవాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు గాలి లేదేమో అనుకునేవాళ్ళు. మిగతా అందరికీ అలవాటైపోయింది.

అమ్మ ఇంకోలా మారింది. మా వీధిలో ఎవరికి కడుపులో నొప్పన్నా చాలు, ఆటో ఎక్కించి పేటకు పంపేదాకా నిద్రపోయేది కాదు. అజీర్తి చేసినవాళ్ళను కూడా వదిలేది కాదు. "మీ అమ్మకు కనపడకుండా తేన్చాల్సి వస్తోందే" అని పక్కింటావిడ నాతో అనేది. నేను కూడా అమ్మను ఆసుపత్రుల పిచ్చి అని ఏడిపించేదాన్ని. కొడుకు పోయిన భయం అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

మంగళగిరి ఆఫీసులో ఒక రోజు ఒక కాగితం వచ్చింది. కుర్రాడు సైకిలు మీద పోతూ ఇంకో సైకిలును గుద్దుకున్నాడు. మోకాలు గీరుకుంది. కడుపులో కొంచెం నొప్పిగా ఉందన్నాడు. ఆ తర్వాత డాక్టరు ఇలా రాశాడు: హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుందని, అది చూసిన పొరుగాయన చెప్పాడు. పొట్ట మీద రూపాయి బిళ్ళంత కమిలిన గుర్తుంది. పైకి చిన్న దెబ్బే అయినా హ్యాండిల్ తగిలిందన్నారు కాబట్టి స్కాన్ తీశాం. పేగు చిరిగింది. వెంటనే ఆపరేషను చేశాం. చివరి రోజు కాగితంలో పిల్లాడు మంచం మీద కూర్చుని వీడియో గేమ్ ఆడుతున్నాడనీ, ఐస్‌క్రీం అడుగుతున్నాడనీ ఉంది.

పొరుగాయన చెప్పాడు. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మా వసారా, తాలుకాయల చేట, గుమ్మంలో నిలబడ్డ బాబాయి, గొంతులో ఆయన తొందర, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. ఐస్‌క్రీం అడిగిన ఆ పిల్లాడి మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. వాడేం చేశాడు పాపం, బతికాడు, అంతే. మేడమ్ వెనకాల నుంచి వచ్చి, "ఏంటి, కోడు దొరకడం లేదా?" అంది. దొరికిందండీ అన్నాను. ఎనిమిది వందల ఇరవై ఆరు, పాయింట్ ఒకటి. కోడు వేసి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. మొహం కడుక్కునొచ్చి తర్వాతి కాగితం తెరిచాను.

ఆ రోజు నుంచీ నాకు శాంతి లేదు. ఇన్నేళ్ళుగా ఒక మనిషి తన వల్లే అన్నయ్య పోయాడని సైకిలు పక్కన నడుస్తున్నాడు. నిజానికి అన్నయ్యను బతికించగలిగిన మాట చెప్పింది ఆయనొక్కడే. ఈ సంగతి ఆయనకు చెప్పకపోవడం అన్యాయం. కానీ ఎలా చెప్పాలి? నువ్వు సరిగ్గానే చెప్పావు అంటే, మా అమ్మ వినలేదు అన్నట్టే. ఆయన మీద నుంచి బరువు తీసి అమ్మ మీద పెట్టడమే. అమ్మకు ఉన్నది చాలదా? హాస్టల్లో పడుకుని ఒకసారి చెప్పాలనుకునేదాన్ని, ఇంకోసారి నోరు మూసుకోవాలనుకునేదాన్ని. ఇద్దరిలో ఎవరిని బాధపెట్టాలో తేల్చమని నన్నెవరూ అడగలేదు, అయినా తేల్చాల్సింది నేనే అయింది.

చివరికి అమ్మకు తెలియకుండా ఆయన ఒక్కడికే చెబుదామనుకున్నాను. మళ్ళీ మిరప కోతల రోజులు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున్నే బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా పొలాల వైపు నడిచాను. బాబాయి గడ్డిమోపు కట్టిన సైకిలు నెట్టుకుంటూ డొంకలో ఎదురొచ్చాడు. బాగా వంగిపోయాడు. నన్ను చూసి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. మా ఇంటివాళ్ళు ఎదురైతే ఆయన అలాగే తప్పుకునేవాడు.

"బాబాయ్, ఆ రోజు మా గుమ్మంలో నువ్వు చెప్పింది గుర్తుందా?" అన్నాను. ఏ రోజని ఆయన అడగలేదు. నాకు తెలిసినదంతా గబగబా చెప్పేశాను. హ్యాండిలు గుచ్చుకుంటే లోపల ఏమవుతుందో, పైకి ఎందుకు కనపడదో, ఆ పొద్దుటే తీసుకెళ్ళి ఉంటే బతికేవాడని. "సైకిలు తగిలి పోలేదు బాబాయ్. నువ్వు చెప్పింది వినక పోయాడు" అన్నాను.

ఆయన సైకిలుకు స్టాండు వేశాడు. కాసేపు గడ్డిమోపు తాడు సవరించాడు.

"నాకు తెలుసమ్మాయ్" అన్నాడు. "వాడిని గుంటూరు తీసకపోయినప్పుడు, రక్తం కావాల్సి వస్తదేమోనని నేనూ ఎనకాలే బస్సెక్కి పోయా. మీకు కనపడలా. అక్కడ డాక్టరు గారొకాయన బయటికొచ్చి, పొట్టకి ఏం తగిలిందో చూసినోళ్ళెవరన్నా ఉన్నారా అన్నాడు. చెప్పా. ముందే తెస్తే బతికుండేవాడు గదయ్యా అన్నాడు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం? ఊరంతా నిన్నే అంటుంటే?"

"ఏమని చెప్పను? బిడ్డ పోయిన మనిషిని పట్టుకుని, నువ్వినకే పోయాడని చెప్పేదానికి నోరెట్టా వస్తది?"

ఆయనే మళ్ళీ అన్నాడు. "నా బాధ అది కాదులే. మీ అమ్మ దిగమంటే దిగొచ్చేశా. అక్కడే కూర్చోవాల్సింది. తిట్టినా కొట్టినా వాడిని ఆటోలో ఏసకపోవాల్సింది. నాకూ రోషమొచ్చింది. నీ కొడుకు, నీ ఇష్టం అనుకుంటా ఎల్లిపోయా. అదమ్మా నాది." స్టాండు తీసి, "మీ అమ్మతో మాత్రం అనబాక" అని సైకిలు నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయనకేదో ఇద్దామని వెళ్ళాను. ఆయన దగ్గర అది ముందే ఉంది, దానివల్ల ఆయనకు ఏమీ ఒరగలేదు. ఊరు పెట్టిన నింద ఆయన్ని నడిపించడం లేదు. మా గుమ్మం దిగి వచ్చేయడం నడిపిస్తోంది. దానికి నా చదువూ, నా కోడ్లూ ఎందుకూ పనికిరావు. ఇంటికి నడుస్తూ దారంతా నా మీద నాకే చిరాకేసింది.

అమ్మ ఇంటి ముందు కాయలు ఏరుతోంది. ఇంత పొద్దెక్కి వచ్చావేమే అంది. బస్సు దొరకలేదన్నాను. మొహం చూసి ఏమైందని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలని, పొద్దుటి నుంచి తినకపోవడంతో, "కడుపులో మంటగా ఉందిలే" అన్నాను.

చేట కింద పడింది. అమ్మ లేచి నా దగ్గరకొచ్చింది. "ఎక్కడన్నా తగిలిందా?" అంది.

"తగలడమేంటమ్మా?"

"బస్సులో ఎవరన్నా గుద్దారా? ఏ రాడ్డన్నా, సీటన్నా పొట్టకి తగిలిందా? సరిగ్గా గుర్తు తెచ్చుకో." అంటూనే నా పైట పక్కకు జరిపి, కారం అంటిన చేత్తోనే పొట్ట మీద నొక్కి చూసింది. పైన, కింద, పక్కల. కమిలిందేమోనని వంగి దగ్గరగా చూసింది. నేను రోజూ చదివే కాగితాల్లో ఆ డాక్టర్లు అడిగేవన్నీ అమ్మ అడుగుతోంది. ఆకలేనమ్మా, కాసిని మజ్జిగియ్యి, తగ్గిపోద్ది అన్నాను. మజ్జిగ ముంత వసారాలోనే, మూత పెట్టి ఉంది. అమ్మ దాని వైపు చూడలేదు.

"మజ్జిగొద్దు. ముందు చెప్పు, ఏదన్నా తగిలిందా?"

ఏమీ తగల్లేదని ఒట్టేశాను. అప్పుడు గానీ చెయ్యి తీయలేదు. తీసి, నా పక్కన గుమ్మం మీద కూర్చుంది. ఆ రోజు బాబాయి నిలబడింది ఆ గుమ్మంలోనే. నేను ఇన్నాళ్ళూ అమ్మకు తెలియకూడదని దాచింది అమ్మకు నాకంటే ముందే తెలుసని నాకు అర్థమైంది. వీధిలోవాళ్ళందరినీ ఆటోలెక్కించింది భయంతో కాదు.

అమ్మే అంది, రోడ్డు వైపు చూస్తూ. "చెప్పాడే ఆయన. ఇక్కడే నిలబడి చెప్పాడు."

కింద పడ్డ చేట తీసి పక్కన పెట్టాను.

"ఇంకా నడిచే పోతన్నాడా?"

"ఆఁ. ఇప్పుడే చూశా."

"సైకిలెక్కి పొమ్మని చెప్పకపోయావా?"

ఆయన ఇల్లు రెండిళ్ళ అవతలే. నువ్వే చెప్పొచ్చుగదమ్మా అనబోయాను. అమ్మ మొహం చూసి ఊరుకున్నాను. అమ్మ లేచి, చేతులు రెండుసార్లు కడుక్కుని, నాకు అన్నం పెట్టింది.

ఆ తర్వాత కూడా అమ్మ ఆ రెండిళ్ళూ దాటి వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ గట్టిగా చెప్పలేదు. బాబాయి పోయిన రోజున మాత్రం వెళ్ళింది. వాళ్ళ చావిట్లో గోడకు ఆనించి ఉన్న సైకిలు దగ్గర నిలబడి, హ్యాండిలు చివర చేత్తో తడిమి చూసింది. రెండు వైపులా గ్రిప్పులున్నాయి. గుడ్డ కూడా చుట్టి, తాడుతో గట్టిగా బిగించి కట్టి ఉంది.